ఎర్రలైటు రాలేదు

గోపాల్‌పేట బస్టాండు పక్కన హన్మంతు దుకాణం. టీవీ రిమోటు నుంచి అడవిపందులు చేలో పడకుండా కట్టే సోలార్ కంచె దాకా, ఏది చచ్చినా అతనే బతికించాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. హన్మంతు నోరు ఎన్నడూ మంచిది కాదు, చేయి మంచిది గనుక ఊరు సర్దుకుపోయింది. "అన్నా, గిది ఖరాబైందా?" అని ఎవరైనా అడిగితే చాలు, మండిపడేవాడు. "ఖరాబైందా అని కాదు, నడుస్తుందా అని అడుగు. తేడా తెల్వదా?"

ఒక్కగానొక్క బిడ్డ మనీషా తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. దవాఖానలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇంటికి పంపేటప్పుడు కుట్ల పక్కన రూపాయి బిళ్లంత పరికరం అంటించారు. ఏదో కాలేజీ వాళ్లు తక్కువ ఖర్చుతో తయారుచేసి పరీక్షిస్తున్న వస్తువు. కుట్లు బాగుంటే పచ్చలైటు మిణుకుమంటుంది, లోపల చీము పట్టి వేడెక్కితే ఎర్రలైటు వస్తుంది. పైన సిరాలా పూసిన సోలార్ పొర, కిటికీ వెలుతురు తగిలినా చాలు. అంత పలుచని సోలార్‌ను హన్మంతు జన్మలో చూడలేదు. నర్సు "దీనికి వెలుతురు..." అని ఎత్తుకోగానే నవ్వేశాడు.

"నాకు జెప్తవా అమ్మా? నా పనే గిది."

ఇంటికొచ్చాక భార్య బాలమ్మకు ఒక్కమాటే చెప్పాడు. "ఎర్రలైట్ వస్తే ఫోన్ జెయ్యి." సోలార్‌కు వెలుతురు కావాలని వేరే చెప్పాలా అనుకున్నాడు. చెప్పాల్సింది.

మరునాడు వీపనగండ్లలో వేరుశనగ చేలకు కంచె పని తగిలింది. మూడు రోజులు అక్కడే ఉండిపోయాడు. పూటపూటకూ ఫోన్ చేసేవాడు.

"ఎర్రలైట్ వచ్చిందా?"

"రాలే. జర అలసటుందంట, పండుకుంది."

పచ్చలైటు ఉందా అని ఒక్కసారీ అడగలేదు. ఊరందరికీ నేర్పిన ప్రశ్న, తన బిడ్డ దగ్గరికొచ్చేసరికి మరిచాడు.

నాలుగోనాడు వచ్చేసరికి గది తలుపు మూసి ఉంది. కిటికీకి గోనెసంచి కట్టి ఉంది. మనీషా నడుము చుట్టూ పాత ధోతి బిగించి ఉంది. బాలింతకు గాలి సోకకూడదని, పొట్ట జారకూడదని బాలమ్మ తల్లి బాలమ్మకు కట్టింది, బాలమ్మ తన బిడ్డకు కట్టింది. ప్రేమ తప్ప అందులో ఇంకేమీ లేదు.

హన్మంతు గబగబా కట్టు విప్పాడు. బిళ్ల చచ్చి ఉంది. చేతికున్న అలవాటు కొద్దీ ఫోన్ టార్చి దానిమీద వేశాడు. నిమిషం గడిచిందో లేదో బిళ్ల వెలిగింది. ఎర్రగా.

"నాయినా, సలిపెడ్తుంది" అంది మనీషా. ఒళ్లు కాలిపోతోంది.

మళ్లీ దవాఖానకు తీసుకుపోతే కుట్లు విప్పి కడిగారు. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే, అన్నారు. చేర్చిన ఐదోనాడు మనీషా పోయింది.

"గా మిషిని ఖరాబుండె గదా?" అని బాలమ్మ ఏడుస్తూ అడిగింది.

"ఖరాబే" అన్నాడు హన్మంతు. ముప్పై ఏళ్లలో మంచి వస్తువును ఖరాబని అతను చెప్పింది అదొక్కసారే. అంత పెద్ద అబద్ధం చెప్పినందుకు అతనికి రవ్వంత బాధ లేదు. బిడ్డ పోయిన బాధే గుండెలో పట్టడం లేదు.

నెలకు కాలేజీ నుంచి శ్రవణ్ కుమార్ అనే కుర్ర పరిశోధకుడు బిళ్ల కోసం వచ్చాడు. బాలమ్మ లోపల మనవరాలిని ఒళ్లో వేసుకుని పాలు పడుతోంది. హన్మంతు అతన్ని రోడ్డు దాకా నడిపించుకెళ్లి, జేబులోంచి బిళ్ల తీసి చేతిలో పెట్టాడు.

"దీని తప్పేం లేదు సారు. మంచిగ నడుస్తుంది. మా దిక్కు బాలింతకు కట్టు కడ్తరు, గదిల చీకటి జేస్తరు. గా సంగతి మీకు తెల్వదు. చీకట్ల పడితే మొత్తుకునేటట్టు చెయ్యిండ్రి దీన్ని."

శ్రవణ్ కుమార్ తలవంచుకుని పుస్తకంలో రాసుకున్నాడు. "కట్టు ఎవరు కట్టిండ్రన్నా?" అని మెల్లగా అడిగాడు.

హన్మంతు ఇంటివైపు చూశాడు. లోపలి నుంచి బాలమ్మ జోలపాట వినిపిస్తోంది.

"నేనే" అన్నాడు. "నేనే కట్టిన. రాస్కో."