నీడలో నిలబడ్డ ఊరు

తెలంగాణ వచ్చిన నాలుగో ఎండాకాలంలో నన్ను నల్గొండ టౌన్ నుంచి తీసి, పానగల్ దాటాక వచ్చే ఒక పల్లెకు లైన్‌మన్‌గా వేశారు. హోదా అదే, జీతం అదే. మారిందల్లా ఎక్కవలసిన స్తంభాలు, పడవలసిన తిట్లు. ఊరి పేరు రాయను. రాస్తే తమ గురించి తక్కువ రాశానని ఒక వర్గం, ఎక్కువ రాశానని ఇంకో వర్గం ఫోన్ చేస్తాయి. రిటైరైనవాడికి ఆ పరేషాన్ ఎందుకు?

నేను ఏడో తరగతిలో బడికి సలాం కొట్టి, స్తంభాలకు గుంతలు తవ్వే కూలీగా ఈ పనిలోకి వచ్చాను. గుంతలోంచి స్తంభం మీదికి ఎక్కడానికి సగం జీవితం పట్టింది. జూనియర్ లైన్‌మన్, అసిస్టెంట్ లైన్‌మన్, తర్వాత లైన్‌మన్. నా మీద లైన్ ఇన్‌స్పెక్టర్, ఆయన మీద సబ్ ఇంజనీర్, ఆ మీద ఏఈ సారు. ఊరి లెక్క వేరు. కరెంటు పోతే నాకంటే పెద్ద అధికారి ఎవడూ లేడు. వస్తే నా పేరు కూడా ఎవరికీ గుర్తుండదు.

అంతకుముందు వ్యవసాయ కరెంటు విడతలుగా వచ్చేది. పగలు కొంత, నడిరాత్రి కొంత. రాత్రి విడతకు మోటరు వేయడానికి పోయి పాము కరిచి పోయినవాళ్లున్నారు. ఆ ఊళ్లో నర్సింహ అనే రైతు తండ్రి అట్లాగే పోయాడు. అందుకే అందరూ ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. అది స్టార్టర్ డబ్బాలో ఉండే చిన్న పరికరం. కరెంటు వచ్చీ రాగానే మనిషి లేకుండానే మోటరు నడుస్తుంది. తర్వాత ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చింది. కరెంటు పోవడం మానింది గనుక మోటరు ఆగడమూ మానింది. రైతు ఇంట్లో గురక, బాయి కాడ మోటరు గురక. మడి నిండి, ఒడ్డు దాటి, బాటెంట పారినా ఆపే దిక్కు లేదు. భూమిలో మాత్రం నీళ్లు ఇరవైనాలుగు గంటలూ ఊరవు కదా.

చుట్టుపక్కల కొన్ని ఊళ్లు మాకు పగలు ఇస్తే చాలని అడుగుతున్నాయి. మీ ఊరి మాటేమిటో గ్రామసభ పెట్టి తీర్మానం ఇవ్వమని ఏఈ సారు సర్పంచ్‌కు కబురు చేశాడు. జనానికి విషయం వివరించమని నన్ను పంపాడు.

సభ బడి ఆవరణలో, పొద్దు పడమటికి తిరిగాక మొదలైంది. నేను వివరించాను. ఎవరూ వినలేదు. చేతులెత్తమంటే కొందరు రెండు చేతులూ ఎత్తారు. విసిగిపోయిన సర్పంచ్, రెండు దిక్కులుగా నిలబడమన్నాడు. ఆయన ఒక చేతిలో ఫోను ఉంది. ఖాళీగా ఉన్న చేత్తో బడి గోడ దిక్కు చూపించి, "రాత్రింబగళ్లు కావాల్నన్నోళ్లు గీడికి రాండ్రి," అన్నాడు. "పగలు చాలన్నోళ్లు గా జెండా కట్టె కాడ నిలబడుండ్రి."

గోడ దిక్కు చల్లటి నీడ. జెండా కట్టె దిక్కు పెనం మీది ఎండ. చెప్పాల్సిందేముంది? ఊరు ఊరంతా గోడకు ఆనుకుంది. ఎండలో ఒక గుంపు మాత్రం మొండిగా నిలబడింది. నేనూ గోడ దగ్గరే ఉన్నాను, నాకూ నెత్తి ఉంది గనుక. తీర్మానం రాశారు, సంతకాలు పెట్టారు, చాయ్ తాగారు. ఆ రోజు మొదలు ఊళ్లో రెండు కులాలు కొత్తగా పుట్టాయి: నీడోళ్లు, ఎండోళ్లు.

ఆ వేసవి ముదిరేలోపు బోర్లు దగ్గడం మొదలుపెట్టాయి. నీళ్ల బదులు గాలి, గాలి తర్వాత బురద. నీళ్లు లేని మోటర్లు కాలాయి. అన్నీ ఒకేసారి గుంజితే ట్రాన్స్‌ఫార్మర్లు కాలాయి. కాలినదాన్ని ట్రాక్టర్ మీద రిపేరు సెంటర్‌కు తోలుకుపోయేటప్పుడు ఎండోళ్లు గట్టు మీద నిలబడి, "నీడల పండవెట్టి తీస్కపోండ్రి, కందుతది," అని పంపించేవాళ్లు. నీడోళ్లు ఊరుకుంటారా? చాయ్ హోటల్ రెండైంది. ఒక పెళ్లి మాట నిలిచిపోయింది. నేను రెండు హోటళ్లలోనూ తాగితే గ్యాస్, ఒక్కదాంట్లో తాగితే అనుమానం.

అందరికంటే ఎక్కువ గోస ముత్తమ్మది. భర్త పోయిన మనిషి. ఉన్న ఆధారమల్లా బత్తాయి తోట. చెట్లు అప్పుడే కాతకు వచ్చాయి. ఆమె బోరు లోతు తక్కువ. పక్క చెలక మరిది నర్సింహది, అతని బోరు లోతు ఎక్కువ. అతని మోటరు రాత్రంతా గుంజితే తెల్లారేసరికి ఆమె పైపు నాలుక బయటపెట్టేది. ఆకులు ముడుచుకుంటున్నాయి, పిందెలు గోలీల్లాగా రాలుతున్నాయి. బత్తాయి వరిలాంటిది కాదు, ఈ కారు పోతే పై కారు వేసుకుందామనడానికి. చెట్టు ఒకసారి ఎండితే ఆమెకు మళ్లీ మొక్క నాటి కాత చూసేంత ఓపిక లేదు, ఆదాయమూ లేదు.

ఒకనాడు నా టీవీఎస్ బండికి అడ్డం నిలబడింది.

"మల్లన్నా, రాత్రిపూట జర ఫ్యూజు పీకరాదె. నీకు పుణ్యముంటది."

"నువ్వు గూడ గోడ దిక్కే నిలబడితివి గదమ్మా?"

"నేనేడ నిలబడ్డ? మోకాళ్ల నొప్పులాయె, గోడకు ఆనుకున్న. గోడ గా దిక్కుంటె నేనేం జెయ్యాలె?"

ఫ్యూజు పీకడం నా చేతిలో లేదని చెప్పాను. లైన్ ఆపాలంటే పద్ధతి ఉంది. తీర్మానం ప్రకారం ఇచ్చిన కరెంటును లైన్‌మన్ దయతలచి ఆపితే అది దయ కాదు, సస్పెన్షన్. ఆమె నన్నూ, కరెంటునూ, గోడ కట్టిన మేస్త్రీనీ కలిపి తిట్టి పోయింది.

ఆమె ఒక్కతే అయితే బాగుండేది. మంగలి దుకాణంలో గడ్డం సగం గీసి ఉండగా ఒకడు చెవిలో చెప్పాడు, రాత్రి ఆపమని. సబ్‌స్టేషన్ వెనక ఇంకొకడు. అందరూ నీడోళ్లే, అందరిదీ ఒకటే షరతు: "నేను చెప్పిన్నని ఎవలకు చెప్పకు." చివరికి నీడోళ్లకు నాయకుడైన నర్సింహ కూడా వచ్చాడు.

"రాత్రి బంద్ జెయ్యన్నా. నా బోరు గూడ మొరాయిస్తాంది. గని మా ట్రాన్స్‌ఫార్మర్ తీగలు ముట్టకు."

"అరె నర్సింహా, నీ మోటరు నీ చేతులుంది. పండేముందు బటన్ ఒత్తు. ఫ్యూజెందుకు, నేనెందుకు?"

"నేనొక్కణ్ణి ఒత్తితె పక్కోడు ఒత్తుతడా? నా నీళ్లు వాడు గుంజుకపోతడు."

"పక్కన ఉన్నది మీ వదినే గదరా!"

అతను నేల చూశాడు. నాయన పాముకు పోయిన సంగతి ఎత్తాడు. రాత్రి బాయి కాడికి పోవద్దని ఇంట్లో ఒట్టు వేయించుకున్నారట. పోవద్దంటే సాయంత్రమే ఆపెయ్యొచ్చు కదా అన్న మాట నాలుక మీదే ఉంచుకున్నాను.

ఏఈ సారును అడిగితే, ఒక తీర్మానాన్ని ఇంకో తీర్మానం మారుస్తుంది, పట్టుకురా అన్నాడు. సర్పంచ్‌ను అడిగాను. "మళ్ల సభ పెడితె మొదటిది తప్పని ఒప్పుకున్నట్టే గద మల్లన్నా," అన్నాడు. నీడోళ్లను అడిగితే ఎండోళ్లు వచ్చి బతిమాలితే చూస్తామన్నారు. ఎండోళ్లను అడిగితే నీడోళ్లు వచ్చి ముక్కు నేలకు రాస్తే చూస్తామన్నారు. తోట ఎండుతోంది, ఊరంతా నాకు రహస్యాలు చెబుతోంది, నా గడ్డం సగమే గీసి ఉంది. ట్రాన్స్‌ఫర్‌కు అర్జీ పెడదామనుకున్నాను.

అర్జీ రాయకముందే, ఒక మధ్యాహ్నం హోటల్ యాదగిరి ఫోన్ చేశాడు. "అన్నా, ముత్తమ్మ మరిది బోరు కాడ డబ్బ ఇప్పుతాంది. కరెంటు మీదనే!"

త్రీఫేజు స్టార్టర్‌లో చెయ్యి పెడితే మాట్లాడుకోవడానికేమీ మిగలదు. బండి తీస్తూనే సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడిగాను. ఫలానా ఫీడరు మీద పని ఉంది, ఆపమని లైన్‌మన్ అడగాలి. ఆపరేటర్ బ్రేకర్ ఆపి, బోర్డు తగిలించి, నంబర్ ఇవ్వాలి. తీసుకున్నవాడే వాపసు ఇవ్వాలి, ఇంకెవరు చెప్పినా లైన్ వేయరాదు. నంబర్ అందేసరికి నేను చెలక గట్టు మీదున్నాను. ముత్తమ్మ చేతిలో పానా ఉంది. ఆటో స్టార్టర్ అప్పటికే కొంగులో ఉంది. బతికిపోయింది, అంతే.

నేను అరుస్తుండగానే నర్సింహ ఉరికొచ్చాడు.

"వదినె! నా డబ్బ ముట్టనీకె నీకెంత దమ్మె?"

"నా తోట సంపనీకె నీకెంత దమ్ముర? పో, కేసు పెట్టుకపో!"

అతను కేసు పెట్టలేదు. తిన్నగా ఆమె బోరు దగ్గరికి పోయి, ఆమె ఆటో స్టార్టర్ పీకి జేబులో వేసుకున్నాడు. అవతలి చెలకాయన ఇది చూసి నవ్వాడు. నర్సింహకు మండి, అతనిదీ పీకాడు. అతను ఊరుకోక తన పక్కవాడి మీద పడ్డాడు. ఒక గంటలో చెలకలన్నీ జాతర. ఎండోడు నీడోడిది, నీడోడు ఎండోడిది, అన్న తమ్ముడిది, ఎవరి చేతిలో చూసినా పానా. నెలల తరబడి తన బటన్ ఒత్తడానికి వంగని నడుములు, పక్కవాడి స్క్రూ విప్పడానికి ఎంత బాగా వంగాయో!

నేను చేసింది ఒక్కటే. డబ్బాల్లో చేతులున్నంతసేపు లైన్ క్లియర్ వాపసు ఇవ్వలేదు. నిబంధన అదే. ఆపరేటర్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా, మనుషులు లైన్ మీదున్నారన్నాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. ప్రతి చెలకా తిరిగి, చివరి డబ్బాకు మూత పడ్డాక వాపసు ఇచ్చాను.

కరెంటు వచ్చింది. ఒక్క మోటరూ నడవలేదు. అవసరమున్నవాడు పొద్దున నడిచి పోయి బటన్ ఒత్తాలి, మడి తడిశాక ఆపాలి. పక్కవాడి మోటరూ ఆగిందని కళ్లారా చూశాక, తనది ఆపడానికి ఎవరికీ భయం లేదు. పీకిన పరికరాలు ఎవరివి ఎవరి దగ్గరున్నాయో తెలిసినా, ఎవరూ అడగలేదు. అడిగితే తన దగ్గరున్నది కూడా ఇవ్వాలి కదా. తీర్మానం ఆఫీసులో ఇరవైనాలుగు గంటలకే ఉంది. ఊరు పగటికే నడిచింది.

ముత్తమ్మ తోటలో బోరు వైపు సగం బతికింది. మిగతా సగం కొట్టేసి కంది వేసింది. నర్సింహ ఆటో స్టార్టర్ ఆమె డబ్బులు దాచుకునే గల్లగురిగి పక్కన ఉందని విన్నాను. ఇద్దరూ మాట్లాడుకోరు. బోర్లు మాత్రం వంతుల మీద నడుస్తాయి.

ఆ ఊళ్లో నేను నేర్చుకున్నదాన్ని పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు చెబుతుండేవాణ్ణి. జనం వేసిన ఓటు తప్పని తెలియడానికి ఒక ఎండాకాలం చాలు. ఒప్పుకోవడానికి మాత్రం ఏ కాలమూ చాలదు. కాబట్టి ఒప్పుకోమని కూర్చోవద్దు. ఒప్పుకోకుండానే సర్దుకునే దారి దొరికినప్పుడు, ఎవరికీ షాక్ కొట్టకుండా లైన్ ఆపి పెట్టాలి.

రిటైరయ్యే ముందు ఆ ఊరికి పోయి, ఆ రోజు ఎవరెవరు గోడ దిక్కు నిలబడ్డారని సరదాకు అడిగాను. నర్సింహతో సహా అందరూ జెండా కట్టె దగ్గరే ఉన్నారట. ముత్తమ్మ అయితే ఎండకు కళ్లు తిరిగి పడ్డానంది. వాళ్ల లెక్క ప్రకారం ఆ సాయంత్రం నీడలో నిలబడింది నేనొక్కణ్ణే. నాకు ఆ ఊళ్లో ఓటు లేదు.