పసుపుదారం కట్టిన వైరు

మొన్న మా కోడలు వంటింట్లో డబ్బాలన్నిటికీ పేర్లు అంటించింది. లోపల కందిపప్పు నిక్షేపంగా కనపడుతూనే ఉంది, గాజుడబ్బా. దాని మీద మళ్ళీ కందిపప్పు అని రాయడం దేనికమ్మా అన్నాను. "మీ అబ్బాయి కోసం అత్తయ్యా, నిన్న టీలో ఉప్పు వేశాడు" అంది. ఆ తెల్ల కాగితం ముక్కల్నీ వాటి మీది నల్లటి అక్షరాల్నీ ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాను. డబ్బాలకి పేర్లు రాయడం నాకు కొత్త కాదు. ఒకప్పుడు నాకు అన్నం పెట్టిన పనిలో అదీ ఒక ముక్క.

నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. తొంభైల మొదట్లో పెద్దవాళ్ళకి చదువు చెప్పే బళ్ళు పెట్టారు, మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. మా ధవళేశ్వరం వీధిలో మా తోటికోడలి చెల్లెలు పదో తరగతి తప్పి ఇంట్లో ఉండేది, ఆ పిల్లే మాకు పంతులమ్మ. అప్పటికి నాకు నలభై దాటాయి. పిడకలు చేసిన చేత్తో బలపం పట్టుకుంటే విరిగిపోయేది. మూడు నెలలకి నా పేరు నేను రాశాను. ఆ తర్వాత ఆ పిల్ల అందరినీ ఇంటాయన పేరు రాయమంది. పద్నాలుగు మంది ఆడవాళ్ళం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వడమే గాని, పలక మీద ఒక్క గీత పడలేదు. మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తగ్గుతుందని మమ్మల్ని పెంచారు కదా, నోటికే లేని పేరు చేతికెలా వస్తుంది? ఆ పిల్ల విసుక్కుని, పోనీ పశువుల పేర్లు రాయండి అంది. అవి రాశాం.

ఆ నాలుగు అక్షరాలు వచ్చాయనే ధైర్యంతోనే రాజమండ్రిలో ఒక పాల కంపెనీ ఆఫీసులో ఊడ్చే పనికి చేరాను. మా ఆయన ఇసుక పడవల మీద పని చేసేవాడు. మంచివాడని చెప్పను, చెడ్డవాడనీ చెప్పను. తాగేవాడు, తాగి ఏడ్చేవాడు, కొట్టింది మాత్రం లేదు. మనలో చాలామంది కాపురాలు అలాగే నడిచాయి, ఇప్పుడు తీరిగ్గా కూర్చుని తూకం వేయడం ఎందుకు?

రెండువేల సంవత్సరం దాటాక ఆ ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాయి. పదహారు ఊళ్ళలో పాలకేంద్రాలుండేవి, ఆత్రేయపురం, పాలకొల్లు, పిఠాపురం, అలాగ. పొద్దున్నే ఏ కేంద్రానికి ఎన్ని క్యాన్ల పాలు వచ్చాయో అక్కడివాళ్ళు మిషన్లో కొడితే ఇక్కడ తెలిసేది, దాన్నిబట్టి పాలబండి బయల్దేరేది. ఆ పదహారు ఊళ్ళ వైర్లూ వెనకగదిలో తలుపుల్లేని ఇనప బీరువా లాంటిదాంట్లోకి వచ్చేవి. దాన్ని ర్యాక్ అనేవారు. అందులో అరకి నాలుగేసి పెట్టెలు, వాటికి మినుకుమినుకుమనే పచ్చదీపాలు. ఆ గదికి ఏసీ ఉండేది, చెప్పులు బయటే విప్పాలి, తడిగుడ్డ పెట్టకూడదు. దేవుడి గదిలో కూడా నేను అంత మడి పాటించలేదు.

వైర్లన్నీ ఒకే నీలం రంగు. ఏది ఏ ఊరిదో తెలియక మా ఇంజనీరుగారు రోజూ తల పట్టుకునేవారు. ఆయన నా ఈడు మనిషే, టెలిఫోన్లలో చేసి వచ్చారు, చత్వారం, పైగా ఆయన రాత ఆయనకే అర్థమయ్యేది కాదు. ఒకరోజు పాలకొల్లు బండి డ్రైవరు అడిగితే పాలక్యాన్ల మీద నేను రాసిన పేర్లు చూసి, "అమ్మా, నీ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, ఇవి కూడా నువ్వే రాసిపెట్టు. తెలుగులోనే రాయి, నేను లేనప్పుడు వాచ్‌మేనైనా చదివి ఫోనులో చెబుతాడు" అన్నారు. తెల్ల టేపు ముక్క మీద పేరు రాసి, వైరు చుట్టూ తిప్పి, జెండాలా మడిచి అంటించాలి. పెట్టె దగ్గర ఒకటి, గోడ దగ్గర ఒకటి, ఊరికి రెండు. మొత్తం ముప్పై రెండు. రెండు రోజులు నేల మీద కూర్చుని రాశాను. నా జీవితంలో నేను కూర్చుని చేసిన ఉద్యోగం ఆ రెండు రోజులే.

ముప్పై రాశాను. రెండు రాయలేదు.

ఆ పదహారో ఊరు మా ఆయన పుట్టిన ఊరు. అక్కడి గుళ్ళో దేవుడి పేరే ఊరికీ పెట్టారు, ఆయనకీ పెట్టారు. మామూలు రోజుల్లోనైతే ఏం చేసేదాన్నో గాని, అప్పటికి ఆయన పొట్టలో నీరు చేరి మంచం పట్టి ఉన్నాడు. డాక్టరుగారు పెదవి విరిచారు. అలాంటప్పుడు ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంట్లో పూజకి తెచ్చిన పసుపుదారం ఉంటే తీసుకెళ్ళి ఆ వైరుకి రెండు చివర్లా ముడివేశాను. టేపు అయిపోయిందండి అని ఇంజనీరుగారితో అబద్ధం చెప్పాను. తర్వాత రాద్దువులే అని ఆయన పని పూర్తయినట్టు సంతకం పెట్టేశారు.

ఎండాకాలంలో హైదరాబాదు నుంచి మనిషి వచ్చి పాత పెట్టెలు తీసి కొత్తవి బిగించాడు. ఆ దారం ఏదో పార్సిలుకి కట్టిందనుకుని తెంపాడు, పేరు లేని వైరు అక్కర్లేని వైరే అనుకుని పీకేశాడు. తప్పు అతనిది కాదు. మర్నాడు పొద్దున్న ఆ ఊరి లెక్క ఆఫీసుకి రాలేదు. పాలు రాలేదు కాబోలనుకుని బండిని ఇంకో దారిన పంపేశారు. కేంద్రం వాళ్ళు ఫోను చేసేసరికి ఆలస్యమైపోయింది. ఊరందరి పాలూ విరిగిపోతే కాలవలో పారబోశారు. సంతకం పెట్టింది మీరు కాబట్టి రేపటినుంచి రానక్కర్లేదని మేనేజరుగారు ఇంజనీరుగారితో అనేశారు. ఆయనింట్లో పక్షవాతంతో తల్లి ఉంది. ఆయన నా పేరు ఎత్తలేదు.

చీపురు గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వెళ్ళాను.

"ఆ చీటీలు రాసింది నేనండి."

"నువ్వా?" అన్నారు మేనేజరుగారు. "ఊడ్చేదానివి, నీకు రాతెక్కడిదమ్మా? ఈయన నిన్ను అడ్డం పెడుతున్నాడా ఏంటి?"

"లేదండి. ముప్పై రాసి ఆ రెండూ వదిలేశానండి. అది మా ఆయన పేరండి."

టైపు చేసే అమ్మాయి కిసుక్కున నవ్వింది. "నిజమే సార్. మా తాతయ్య పేరు వెంకటేశ్వర్లండి. మా అమ్మమ్మ తిరపతి వెళ్ళొచ్చి కూడా, ఆ కొండ మీదాయన్ని చూశాం అంటుందండి."

మేనేజరుగారు నవ్వలేదు. "కథలు బాగానే ఉన్నాయి. ఏదీ, ఇప్పుడు రాయి. రాస్తే నమ్ముతాను."

"వద్దండి" అన్నారు ఇంజనీరుగారు, మొదటిసారి గొంతు పెంచి. "ఆవిడ భర్త మంచంలో ఉన్నాడు. తప్పు నాదే, నేను వెళ్ళిపోతాను."

అటు ఒకాయన ఉద్యోగం, ఇటు ఒకాయన ఆయుష్షు. ఎంతసేపు ఆలోచించానని మీరడిగితే, ఆలోచించలేదు. నాకేమీ అనిపించలేదు. కాళ్ళకింద గచ్చు చల్లగా ఉందని మాత్రం గుర్తుంది. పెన్ను తీసుకుని రాశాను. నాలుగంటే నాలుగు అక్షరాలు, ఒక ఒత్తు, చివర సున్న. ఆ సున్న కోడిగుడ్డులా వచ్చింది. మేనేజరుగారు కాగితం కేసి చూసి, నా కేసి చూసి, సరే వెళ్ళండిద్దరూ అన్నారు. ఇంజనీరుగారి ఉద్యోగం నిలబడింది. ఆ వైరుకి రెండు చీటీలూ ఆ మధ్యాహ్నమే రాసి అంటించాను.

సాయంత్రం ఇంటికెళ్ళి దాచకుండా మా ఆయనకి చెప్పాను. తిడతాడనుకున్నాను. నవ్వాడు.

"ఏదే, ఎలాగుంటదే నా పేరు? ఓపాలి రాసి సూపిచ్చు."

"నీకు సదవడం వచ్చేంటి మావా? పడుకో."

"సదవనే. సూత్తాను."

అంట్లు ఉన్నాయని పెరట్లోకి వెళ్ళిపోయాను. ఇంట్లో పలక ఉంది, బలపం ఉంది. అప్పటికే మూడుసార్లు రాశాను కదా, మళ్ళీ రాసి ఉన్న నాలుగు రోజులూ తగ్గించడం దేనికనిపించింది. తర్వాత ఆయన అడగలేదు, నేను రాయలేదు. మూడు వారాలు తిరక్కుండా పోయాడు.

పేరు రాసి మా అన్నని పొట్టన పెట్టుకుందని మా ఆడపడుచు చాలాకాలం అంది. డాక్టరుగారు అంతకు ముందే చెప్పిన సంగతి ఆవిడకీ తెలుసు. ఏడుపు కూడా రాలేదు నాకు. చూడ్డానికి వచ్చినవాళ్ళు అది కూడా తప్పే అన్నారు.

దినకార్యాలయ్యాక పనిలోకి వెళ్ళాను. ఏసీ పాడైపోయి, ఉక్కకి టేపు జిగురు కారి, చీటీలు కొన్ని ఊడిపోయి కింద పడి ఉన్నాయి. అందులో అదీ ఉంది. ఇంజనీరుగారు చూసి, నేను రాస్తానులే అమ్మా అన్నారు. ఇలా ఇవ్వండి అన్నాను. నేల మీద కూర్చుని రాశాను. ఒక్క ఊపున వచ్చింది. సున్న గుండ్రంగా వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు ఆయన లేడని.

ఆ ఆఫీసు ఇప్పుడు లేదు, ఆ బీరువా ఏ పాతినుము కొట్లోకి పోయిందో తెలియదు. ఇప్పుడు అన్నీ గాల్లోనే వెళతాయట, వైర్లే ఉండవట, మా అబ్బాయి చెబుతాడు. మా కోడలు వాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది, రోజుకి ఇరవై సార్లు, ఒక్కోసారి దానికి ముందు ఒరేయ్ కూడా తగిలిస్తుంది. వాడు గుండ్రాయిలా ఉన్నాడు. మొదట్లో చెవులు మూసుకునేదాన్ని, ఇప్పుడు వింటూ కూర్చుంటాను, వినడానికి బాగానే ఉంటుంది.

డబ్బాలకి అంటించగా ఒక కాగితం ముక్క మిగిలితే అడిగి తీసుకున్నాను. దేనికి అత్తయ్యా అంది. ఊరికే అన్నాను. ఆ నాలుగు అక్షరాలూ రాసి మంచం పక్క గోడకి అంటించాను. చూస్తాను అన్న మనిషి లేడు. నేనే చూస్తున్నాను.