నీలిబాన అడిగిన అబద్ధం

అత్తయ్య పోయిందని మామయ్య ఫోన్ చేసినప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట: "బాన చెడిందా మామయ్యా?"

ఆయన ఫోన్లోనే భోరుమన్నాడు. అప్పుడుగానీ నాకు నమ్మకం కుదరలేదు.

ఇంత పాపిష్టి ప్రశ్న ఎందుకడిగానో పాఠకులకు విన్నవించుకోవాలి. మా మేనత్త మంగళగిరిలో గుడ్డల మీద బొమ్మలు వేసేది. ఎరుపుకి జేగురు రాయి తనే నూరుకునేది. నీలానికి మాత్రం పెరట్లో, మెడదాకా నేలలో పాతిన బాన. నీలిమందు, సున్నం, బెల్లం కలిపి పులియబెడితే అందులో రంగుకి ప్రాణం వస్తుంది. ప్రాణమున్నది గనక అలుగుతుంది కూడా. పైన నురగ చచ్చిందంటే బాన చెడినట్టే. అప్పుడు ఊళ్లోకి ఒక అబద్ధం వదలాలని రంగులవాళ్ల పాత ఆచారం. అది ఊరంతా తిరిగి మన గుమ్మానికే వస్తే బాన తేరుకుంటుందట.

ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, ఈ విషయంలో మాత్రం వెనక్కి తగ్గేది కాదు. ఒకసారి నాకు పెళ్లి కుదిరిందని పుట్టించింది.

"ఎవరితో అత్తయ్యా?"

"చల్లపల్లి అబ్బాయి. బుద్ధిమంతుడే. లేడు, అంతే."

"దేవుడు ఊరుకుంటాడా?"

"ఆయనకి ముందే చెప్పాన్లేవే. రంగు కలిపే చెయ్యీ, అబద్ధమాడే మొహమూ వణక్కూడదు."

నాకు ఆ రెండు విద్యలూ నేర్పింది ఆవిడే. చావు కబురు కూడా బాన కోసం పుట్టించిందేననుకున్నాను.

సమాధి చేసి వచ్చాక పెరట్లోకి వెళ్లాను. దండెం మీద అత్తయ్య ఆఖరి గుడ్డ ఉంది. వరదలో ఉన్న కృష్ణానది, మధ్యలో ఖాళీ పడవ. రంగు అంటకుండా పడవకి మైనం పూసి ఉంచింది, నదికింకా నీలం పట్టలేదు. జ్ఞాపకార్థ కూటంలో దాన్నే కట్టాలని మామయ్య కోరిక. మూత తీస్తే బాన చచ్చి ఉంది. బెల్లం వేశాను. కంగారులో సున్నం కూడా గుప్పెళ్లతో వేశాను. కదల్లేదు.

ఇక మిగిలింది అబద్ధం. టీకొట్టు బాబాయితో మామూలుగా అన్నాను: "అత్తయ్య హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉందంట. ఎవరో చూశారంట."

ఆయన గ్లాసు కడగడం ఆపాడు. "ఏంటమ్మా ఆ మాటలు?"

మాట మాత్రం అక్కడ ఆగలేదు. మర్నాడు సాయంత్రం పక్కింటి పిన్ని గోడ మీంచి పిలిచింది.

"మీ అత్తయ్యని జంక్షన్‌లో చూశారంటనే. మోచేతుల దాకా నీలమంట."

చేతుల సంగతి నేను చెప్పలేదు. పుకారుకి కాళ్లతోపాటు చేతులు కూడా మొలిచాయనుకున్నాను.

"ఏమైనా అందంటనా పిన్నీ?" నవ్వుతూనే అడిగాను.

"అందంట. 'పిచ్చిది, సున్నం ఎక్కువేసింది. కాస్త తవుడు చల్లి కదపకుండా వదిలెయ్యమను' అని. నాకేం అర్థం కాలా."

నేను సున్నం వేసేటప్పుడు పెరట్లో ఎవరూ లేరు. నాకు నవ్వు ఆగిపోయింది. తవుడు చల్లి మూత పెట్టాను.

పొద్దున్నే చూస్తే బాన మీద నీలి నురగ. ముంచి తీసిన గుడ్డ ఆకుపచ్చగా వచ్చి, గాలి తగిలి నెమ్మదిగా నీలమైంది. కూటంలో మామయ్య ఆ పడవనే చూస్తూ కూర్చున్నాడు.

వదిలిన అబద్ధాన్ని నేనింకా వెనక్కి తీసుకోలేదు. పనిమీద ఏలూరు వెళ్లి తిరిగొచ్చేటప్పుడు బస్సు జంక్షన్‌లో ఆగినప్పుడల్లా, పక్క సీట్లోంచి నా బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంటాను.