పచ్చిపులుసు ఇంటర్వ్యూ

సిరిసిల్లలో మందుల దుకాణం పైగదిలో ఆడవాళ్లకు ఇంగ్లీషు నేర్పేదాన్ని. ఏబీసీడీలు కూడబలుక్కునేవాళ్లే ఎక్కువ. కోనరావుపేట అవతలి పల్లె నుంచి వచ్చే ఒకామె మాత్రం పంతం పట్టి నేర్చుకునేది. మొగుడు లేడు. హోటల్లో గిన్నెలు తోమి పిల్లల్ని సాకుతోంది. దుబాయిలో కూలీల మెస్సుకు వంటమనిషి కావాలన్నారు. చేతి కిందివాళ్లకు ఇంగ్లీషులో పని చెప్పడం రావాలట, అది వీడియో కాల్‌లో చేసి చూపించాలట. ఆ పని దొరికితే పిల్లలు హాస్టల్ బడికి పోతారు, తను ఎంగిలి గిన్నెల నుంచి బయటపడుతుంది.

పచ్చిపులుసు అనుకున్నాం. పొయ్యితో పనిలేదు, మాటలు తక్కువ. సహాయకురాలిగా నిలబడటానికి క్లాసులోనే ఉన్న దొరసాని సరేనంది. ఆమెదీ అదే ఊరు. భూములు అక్కడ, కాపురం ఇక్కడ. ఫోన్లో వంటల వీడియోలు పెట్టాలని ఇంగ్లీషుకు వచ్చేది.

ఇక చూడండి నా తిప్పలు. ‘కట్ ఆనియన్’ అనమంటే ఈమె అనదు. తానే కత్తి అందుకుని కోసేస్తుంది. కోప్పడితే ‘కట్ ఆనియన్, దొరసాని’ అంటుంది, అదీ నేల చూపులు చూస్తూ. నాకు ఒళ్లు మండేది. నీ చేతి కింద పనిచేసే మనిషి దొరసాని ఎట్లా అవుతుందే అని కసిరేదాన్ని. తిట్టగా తిట్టగా ఆ పిలుపు పోయింది. తలెత్తి చెప్పడం వచ్చింది.

ఇంటర్వ్యూ రోజు ఎంత బాగా చెప్పిందో! ఉల్లిగడ్డ సన్నగా కొయ్యమంది, ముందే కాల్చి తెచ్చిన మిర్చి చిదమమంది, నీళ్లు పొయ్యమంది. చింతపండు పిసికితే గోళ్ల రంగు పోతుందని దొరసాని చేతులు ముడుచుకుంటే, అది మాత్రం తానే పిసికింది. ఫోన్లో ఇంటర్వ్యూ చేస్తున్నాయన మా పక్క కోరుట్ల మనిషే. మెచ్చుకున్నాడు. రుచి చూసి ఉప్పెట్లుందో చెప్పమని దొరసానిని అడిగాడు.

ఆమె గిన్నె వైపు చూసింది. చెయ్యి కదల్లేదు.

“సారీ, ఐ యామ్ ఫాస్టింగ్ టుడే.”

ఒక్క తప్పు లేదు. నేర్పింది నేనే కదా! అంతకుముందే నాతో కలిసి మిర్చీబజ్జీలు తిన్న మనిషి, ఏం ఉపవాసం? ఎవరి చేతి పులుసని ఉపవాసం?

ఆయనకూ అర్థమైంది. నవ్వి, తెలుగులోకి దిగాడు.

“చెల్లె, మీరు ఏమోళ్లు?”

ఈమె దాచలేదు, తన కులం చెప్పింది. మెస్సులో అందరూ మన దిక్కువాళ్లే ఉంటారు, లేనిపోని లొల్లి అయితది, ఆలోచించి ఫోన్ చేస్తానని పెట్టేశాడు. ఆ ఫోన్ రాలేదు, రాదని అక్కడే తెలిసిపోయింది.

దొరసాని మాత్రం ఆ గిన్నెను వెలుతురు పడేచోటికి జరిపి తన వీడియో కోసం ఫొటో తీసుకుంటోంది. నాకు రక్తం ఉడికిపోయింది. నాలుగు దులిపేద్దామని లేచాను. ఈమె వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్లల్లో నీళ్లు లేవు, భయం ఉంది.

“ఆమెనేమనకుండ్రి మేడం. రేపు పొద్దుగాల మా అవ్వ గాళ్ల పొలంల్నే నాటు కూలికి పోవాలె.”