తీసినోడు చూపీయాల

పెళ్లికి ముందు తీసే ఫోటోల కోసం పెనుకొండ కొండ మీదికి ఒక్కోసారి రెండు మూడు జట్లు ఒకేసారి వచ్చి పడతాయి. అప్పుడు మా ఫోటోగ్రాఫర్లకు ఒక పద్ధతి ఉంది. పక్కవాళ్ల జంటను తీయకూడదు. పక్క ఫోటోగ్రాఫరును తీయవచ్చు గానీ, వెంటనే దగ్గరికి వెళ్లి చూపించాలి. వద్దంటే అక్కడే డిలీట్ చేయాలి. "తీసినోడు చూపీయాల" అంటారు మావాళ్లు. ఈ మాట మీద నాకు పట్టింపు ఎక్కువ. పని చేసేటప్పుడు మేము నేల మీద పొర్లుతాం, ఒక కన్ను మూసి మూతి వంకర పెడతాం. ఆ అవతారాన్ని అడక్కుండా స్టేటస్‌లో పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

హిందూపురంలో ముందు గది నా స్టూడియో, వెనక నేనూ అమ్మా ఉంటాం. ఒకసారి కల్యాణ మండపంలో నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పిన రోజు అమ్మ తన తల మీద ఒట్టు వేయించుకుంది. "ఇంగొక తూరి యాడన్నా ఎక్కినావంటే కెమెరా అమ్మేస్తా" అంది. మా అమ్మ ఉత్తినే అనే మనిషి కాదు. నాకు వచ్చిన పని అదొక్కటే, ఇష్టమైన పనీ అదే. ఎక్కనులేమ్మా అన్నాను.

అన్నానే గానీ, ఆ రోజు పెనుకొండలో పెళ్లికూతురు నల్లద్దాలు పెట్టుకుని గోడ కింద నిలబడి పైకి చూస్తుంటే ఆగలేకపోయాను. చెప్పులు విడిచి కోట గోడ ఎక్కేశాను. దిగేసరికి ధర్మవరం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు, నాకన్నా చిన్నవాడు, కెమెరా చాపి నిలబడి ఉన్నాడు.

"అక్కా, మిమ్మల్ని ఒకటి తీసినా. చూడండి."

గోడ అంచున నేను, గాలికి లేచిన చున్నీ. నా బతుకులో నన్నంత బాగా ఎవరూ తీయలేదు.

"డిలీట్ చేసేయప్పా" అన్నాను.

"ఇంత మంచిది ఎట్ల చేసేదక్కా? మీకొక్కరికే పంపిస్తా."

"మాయమ్మ చూసిందంటే నాకు కెమెరా ఉండదు. చేసేయ్."

నా ఎదురుగానే చేసేశాడు. పద్ధతి తెలిసినవాడు. కొండ దిగుతున్నంతసేపూ నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంటూనే ఉంది.

ఆల్బమ్‌కు ఫోటోలు ఏరిపెట్టేది అమ్మే. నిజంగా నవ్విన నవ్వేదో ఆమెకు ఇట్టే తెలుస్తుంది. ఆ వారంలోనే కంప్యూటరు ముందు కూర్చుని, పెళ్లికూతురి ముఖం పెద్దది చేయమంది. చేశాను. ఇంకా అంది. నల్లద్దాల్లో గోడ కనబడింది. గోడ మీద ఉత్త కాళ్లతో నేను. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. ఇంకొకడు తీసిందైతే చెరిపించాను, ఇది నేను తీసిందే.

"ఏం చేస్తాండావు ఆడ?" అంది అమ్మ.

ఫోటోను చిన్నది చేయబోయాను. అమ్మ మౌసు లాక్కుంది.

"నీ వెనక ఏముండాది?"

"ఏమీ లేదు."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టినావనుకో, సరే. గోడ మీద పెడతారా ఎవరన్నా?"

లేచి కెమెరా సంచీ తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. అయిపోయింది, అమ్మేస్తుంది అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. అమ్మ సంచీ జిప్పును కాసేపు అటూ ఇటూ లాగింది.

"మళ్ల పని ఎప్పుడుండాది?"

"ఆదివారం, లేపాక్షిలో."

"నేనూ వస్తా. నువ్వు ఎక్కితే కాళ్లు పట్టుకుంటా. నేను లేకుండా ఎక్కినావంటే మాత్రం అమ్మేస్తా."

లేపాక్షి బస్సులో ఆ డిలీట్ చేయించిన ఫోటో సంగతి కూడా చెప్పేశాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ వింది.

ఊరి బయట ఒక పెద్ద రాతిగుండు ఎక్కి నేను జంటను తీస్తుంటే, అమ్మ కింద నిలబడి నా రెండు మడమలూ గట్టిగా పట్టుకుంది. ఆదివారం కాబట్టి ధర్మవరం అబ్బాయీ అక్కడికే వచ్చాడు. మమ్మల్నిద్దరినీ ఒకటి తీసి, పద్ధతి ప్రకారం వచ్చి అమ్మకు చూపించాడు. గుండు మీదున్న నాకు అది కనబడలేదు.

"డిలీట్ చేసేదామ్మా?" అన్నాడు.

"ఏం వద్దు, నాకు పంపీ. ఆ పొద్దు గోడ మీద తీసినావంట, అది యాడబ్బా?"

"అక్క డిలీట్ చేయమనిందమ్మా."

అమ్మ నా కాళ్లు వదల్లేదు. "దానికేం తెలుసు? నన్నడగాల నువ్వు" అంది.