రెండుసార్లు తొక్కే కాలు

మా లారీ వయసులో నాకంటే పెద్దది. అందుకే దాన్ని ‘మీరు’ అనే పిలిచేవాణ్ణి. గేరు మార్చాలంటే దాని మర్యాదలు దానికుండేవి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, వదలాలి, మళ్ళీ తొక్కి కొత్త గేరు వేయాలి. అలా తొక్కీ తొక్కీ నా ఎడమ మోకాలు అరిగిపోయింది. డాక్టరు గారు డ్రైవింగ్ మానేయమన్నారు.

"చిన్నప్పుడు బడి మానేశానండీ. ఆ తర్వాత ఇంకేదీ మానడం చేతకాలేదు," అన్నాను.

ఆయన నవ్వలేదు.

వేరే డ్రైవర్ని పెడితే మాకేమీ మిగలదు. ఈ మామిడి సీజన్లో నేను నడపలేకపోతే లారీని పాత ఇనుము కింద అమ్మేయాల్సిందే. అందుకని మా నూజివీడు మెకానిక్ మేస్త్రీ తర్వాతి కాలపు లారీ నుంచి సింక్రో గేర్‌బాక్స్ విప్పి తెచ్చాడు. దానికి క్లచ్ ఒక్కసారి తొక్కితే చాలు. లోపలి చక్రాల వేగాలను అదే కలుపుకుంటుంది. కాకపోతే పాతదానికన్నా పొడుగు. దానికోసం గేర్‌బాక్స్‌ని మోసే కింది ఇనుప బద్దీ వెనక్కి జరిపాం, వెనక చక్రాలకెళ్ళే షాఫ్టు కోయించి మళ్ళీ వెల్డింగ్ పెట్టించాం.

పని ఇంకా పూర్తికాకముందే విస్సన్నపేట తోట నుంచి షావుకారు గారి ఫోను.

"బండి వస్తుందా, వేరేది చూసుకోమంటావా?"

"బయల్దేరుతున్నానండీ," అన్నాను. అప్పటికి ఇంజను స్టార్ట్ కూడా చేయలేదు.

"కోసిన రసాలు మళ్ళీ చెట్టుకి అతికించలేనయ్యా. మధ్యాహ్నం దాకా చూస్తా."

మేస్త్రీ ఆయిల్ పోసి బిరడా బిగించాడు. షెడ్డు ముందు బండి కదిలించాను. రెండో గేరు కరకరమంది. మూడోది పడనే పడలేదు. చివరికి పాత పద్ధతిలో రెండుసార్లు తొక్కితే పడింది. స్టీరింగ్ మీద తల వాల్చేశాను. మోకాలు నిప్పులా ఉంది.

"మేస్త్రీ గారూ, నాకు మోకాలు లేదని కదా దీన్ని తెచ్చాం. ఇదీ మోకాలే అడుగుతోందేంటండీ?"

"కాసేపు నోరు మూసుకోవయ్యా."

ఆయన బండి కిందకి దూరి బోల్టు విప్పాడు. ఆయిల్ కారలేదు, పాకంలా సాగింది. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. పాత గేర్‌బాక్స్ ఊళ వేయకుండా ఏటా ఆయిల్లో గ్రీజు కలిపి పోసేది ఆయనే. ఈ పొద్దునా ఆ చెయ్యే అలవాటుగా కలిపేసింది. సింక్రోలో ఇత్తడి రింగులు పట్టుకుంటేనే వేగాలు కలుస్తాయి. గ్రీజులో అవి జారిపోతున్నాయి.

"నా చెయ్యేనయ్యా," అన్నాడు మెల్లగా.

"మా ఆవిడ నా మోకాలిక్కూడా ఇంత ప్రేమగా మందు పూయదండీ," అన్నాను. నాకే నవ్వు రాలేదు.

డీజిల్‌తో కడిగి, పల్చటి ఆయిల్ పోసేసరికి మధ్యాహ్నం దాటింది. ఫోను మోగుతూనే ఉంది. ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఈసారి గేర్లు చప్పుడు లేకుండా పడ్డాయి. మేస్త్రీ తుడుచుకున్న చేతులతోనే నా పక్కన ఎక్కి కూర్చున్నాడు.

తోటలో అప్పటికే వేరే బండికి ఎత్తుతున్నారు.

"సగం అతనికిచ్చేశా. మిగతాది పట్టుకుపో. రేపు కూడా ఇంతేనంటే నన్ను లోడు అడగొద్దు," అన్నారు షావుకారు గారు.

సగం లోడుతో నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్‌కి బయల్దేరి, ఎత్తు దగ్గర గేరు మార్చాను.

"ఒక్కసారే," అన్నాడు మేస్త్రీ.

కిందికి చూసుకున్నాను. కాలు రెండుసార్లు తొక్కేసింది. గేర్‌బాక్స్‌కి అక్కర్లేదు, కాలికి ఆ సంగతి తెలియదు. తర్వాతి గేరుకీ అంతే. ఆ తర్వాతదానికీ అంతే. ఆయన చెబుతూనే ఉన్నాడు, మోకాలు మండుతూనే ఉంది.

నూజివీడులో ఆయన దిగిపోయాడు.

"హనుమాన్ జంక్షన్ దాకా ఇక నువ్వే చెప్పుకో."

"వింటుందంటారా?"

"నా చెయ్యి విందా?"

ఊరు దాటాక క్లచ్ తొక్కాను. ఒక్కసారే, అని పైకే అన్నాను. గేరు పడింది. కాలు మాత్రం రెండోసారికి లేచి, క్లచ్ పైన గాల్లోనే ఆగింది.