తమ్ముడి చేతి వాలు

నేను రిటైరై తిరుపతిలో స్థిరపడిన కొత్తల్లో చిత్తూరులో మా తమ్ముడు పోయాడు. కొన్నాళ్లకు అతని కంప్యూటర్ మా ఇంటికి చేరింది. అందులో అతను రోజూ ఆడుకున్న విమానం నడిపే ఆట ఉంది. తెరిచి చూస్తే, కంప్యూటర్‌తో పాటు వచ్చిన, విమానాన్ని తిప్పే పిడి అయిన జాయ్‌స్టిక్‌ను ముట్టుకోకపోయినా విమానం తనంతట తానే కుడివైపుకు ఒరిగిపోయేది. కనిపించని మనిషెవరో నడుపుతున్నట్టే ఉండేది. ఆటను తీసేసి సీడీతో మళ్లీ ఎక్కించాను. జాయ్‌స్టిక్ వైరు ఊడదీసి వేరే చోట గుచ్చాను. అయినా అంతే.

చివరికి సెట్టింగుల్లో జాయ్‌స్టిక్‌ను సరిచేసే చోటు దొరికింది. దాన్ని నిటారుగా నిలిపి బటన్ నొక్కమంది; నొక్కితే ఆ స్థితినే మధ్యగా గుర్తుపెట్టుకుంటుందట. నొక్కబోతుంటే, మమ్మల్ని చూడడానికి వచ్చిన తమ్ముడి భార్య నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"ఉండండి బావా! అదేం చెడిపోలేదు. పచ్చవాతం వచ్చినాక ఆయన చెయ్యి ఎడమకే వాలిపోతా ఉండె. ఆ వాలునే మధ్య అని దానికి నేర్పించినాడు. ఇప్పుడు మీరు నొక్కితే అది పోతాది గదా?"

నేను నొక్కలేదు. జాయ్‌స్టిక్‌ను కాస్త ఎడమకు వంచి పట్టుకున్నాను. విమానం తిన్నగా సాగింది. నా అరచేతి కింద వాడి చెయ్యి ఉన్నట్టనిపించింది.

ఏ వస్తువు పాడైనా బాగుచేసేదాకా నాకు నిద్రపట్టదు. దాన్ని మాత్రం ఈనాటికీ అలాగే ఉంచాను.